అరబ్బీ చదివితే ప్యాకేజీ ఎంత?

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



మన పిల్లలకు ఏ కోర్సులు మంచివో ఇరవై నిమిషాలు చెప్పమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ముప్పై ఏళ్ళకు పైగా సివిల్ ఇంజనీరుగా పని చేశాను గనుక నాకు ఆ అర్హత ఉందని ఆయన అనుకున్నారు. ఇలాంటి సలహా నేను మా ఇంట్లో ఒకసారి ఇచ్చాను. దాని సంగతి చెప్తాను. విన్నాక, కోర్సుల గురించి నన్ను అడగాలో వద్దో మీరే చూసుకోండి.

ముందు చావుష్ తాత. 1980ల్లో ఇక్కడ చదివినవాళ్ళకు ఆయన్ని పరిచయం చేయనక్కర లేదు. ఇంటర్‌వెల్ గంట కొట్టకముందే గేటు పక్కన జామకాయల గంప దించేవాడు. గళ్ళ లుంగీ, దాని మీద వెడల్పాటి బెల్టు. కాయను నాలుగు చెక్కలు చేసి ఉప్పూ కారం అద్ది ఇచ్చేవాడు. చేతిలో పైసలు లేకపోతే ఉద్దెర పెట్టేవాడు. చావుష్ అన్నది ఆయన పేరే అనుకున్నాను. ఆయన ఉండే బార్కస్ మన జల్‌పల్లికి సైకిల్ మీద పోయేంత దూరం. ఎన్నోసార్లు పోయాను కూడా, పొద్దున్నే హరీస్ తినడానికి. అయినా బార్కస్ అన్న పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందని, నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల వాడ అదని, వాళ్ళ తాతలు ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారని, హైదరాబాదులో వాళ్ళందరినీ చావుష్‌లనే పిలుస్తారని నలభై ఐదేళ్ళు దాటేదాకా నాకు తెలియదు. ముకల్లాలో 1967 దాకా రాజ్యం చేసిన ఖుఐతీ సుల్తానుల వంశానికి తొలి సంపాదన మన నిజాం దగ్గర జమాదారీ చేసి కూడబెట్టిందేనట. ఇవన్నీ నాకు చెప్పింది మా చెల్లెలి కూతురు.

ఆ పిల్ల డిగ్రీలో అరబ్బీ తీసుకుంది. ఎమ్మే కూడా అందులోనే చేసింది. తెలుగు ఇంటి పిల్లకు అరబ్బీ ఏమిటని చుట్టాలంతా వింతపడ్డారు. ఆ రోజు మా చెల్లెలి ఇంట్లో పదిమంది ముందు నేను అడిగిన మాట ఇదీ: "అరబ్బీ చదివితే ప్యాకేజీ ఎంత వస్తది బిడ్డా?" అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. నవ్వింది కదా, నొచ్చుకోలేదనుకున్నాను.

నా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. నేను ఇంజనీరింగు పూర్తి చేసింది 1991లో. ఆ జూలైలోనే పీవీ ప్రభుత్వం బడ్జెట్‌తో దేశం దారి మార్చింది. నా తరం ఇంజనీర్లకు ఆ తర్వాత పనికి కరువు లేదు. 1998లో సైబర్ టవర్స్, 2008లో మన పక్కనే శంషాబాదు విమానాశ్రయం, ఆ వెనకే ఔటర్ రింగ్ రోడ్డు. ఎకరాల్లో చెప్పుకునే భూమిని మన ఊళ్ళో గజాల్లో చెప్పుకోవడం మొదలైంది. నా ఇల్లు, నా పిల్లల చదువులు ఆ కాలం పుణ్యమే. దాన్ని తిట్టడానికి ఇక్కడికి రాలేదు. కాకపోతే, అదే పీవీ విశ్వనాథ వారి వేయిపడగలును సహస్ర ఫణ్ పేరుతో హిందీలోకి అనువదించిన మనిషి కూడా. మా ఇంట్లో ఆయన బడ్జెట్ సంగతి వెయ్యిసార్లు చెప్పుకున్నాం. ఆ పుస్తకం ముచ్చట ఒక్కసారి కూడా రాలేదు.

తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందల దాకా పెరిగాయి. కూలివాళ్ళ పిల్లలు ఇంజనీర్లయ్యారు. అది చిన్న మేలు కాదు. దాంతోపాటే ఒక ప్రశ్న కూడా ప్రతి గడపా దాటి లోపలికొచ్చి కూర్చుంది. ప్యాకేజీ ఎంత? ఈ మార్పుకు పుస్తకాల్లో నయా ఉదారవాదం అని పెద్ద పేరుంది. మా ఇళ్ళలో అది పెళ్ళిచూపుల్లోనూ, పదోరోజు భోజనాల దగ్గరా వినబడే మామూలు మాట.

2018లో మా పిల్ల నగరంలోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీలో చేరింది. బార్కస్ ముసలివాళ్ళ జ్ఞాపకాలు, వాళ్ళ ఉర్దూలో మిగిలిపోయిన హద్రమీ మాటలు, ఇదీ అంశం. నెట్‌లో ఫెలోషిప్ వచ్చినవాళ్ళ సంగతి వేరు. రానివాళ్ళకు నెలకు 8,000 రూపాయలు. 2015లో ఆ కాస్తా ఆపేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు రాత్రింబవళ్ళు కూర్చుని నిలబెట్టుకున్న డబ్బు అది. మా సైటులో వాచ్‌మన్ జీతం అంతకన్నా ఎక్కువ. ఆ 8,000లోనే బస్సు ఖర్చు, జిరాక్సులు, మాట చెప్పే తాతల ఇంటికి ఉత్త చేతులతో పోలేక పట్టుకుపోయే పండ్లు.

ఆమెకు షాహీన్‌నగర్ నుంచి ఒక స్నేహితురాలు ఉండేది. అరబ్బీ, ఫారసీ రెండూ వచ్చు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ మీద ఆశ పెట్టుకుంది. 2009 నుంచి మైనారిటీ పరిశోధకులకు ఇస్తున్న ఆ ఫెలోషిప్‌ను నిలిపేస్తున్నట్టు 2022 డిసెంబరులో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఇప్పుడా అమ్మాయి ఒక పెద్ద ఆస్పత్రిలో అరబ్బు దేశాల రోగులకు దుబాసీ. గుండె ఆపరేషన్ ఖర్చులు అరబ్బీలో గడగడా చెప్తుంది. మంచి ఉద్యోగమే, నేను కాదనను. చదవాలనుకున్న ఫారసీ కాగితాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒక ఏడాది యూరప్ నుంచి ఒక పరిశోధకురాలు బార్కస్ మీద పని చేయడానికి వచ్చింది. మా పిల్ల మూడు వారాలు ఆవిడకు మాటసాయం చేసింది. ఆ మూడు వారాలకు ముట్టింది తన అయిదు నెలల ఫెలోషిప్ కన్నా ఎక్కువ. ఆవిడ చాలా మంచి మనిషి, పనిమంతురాలు. "మన ఊరి పుస్తకం వాళ్ళు రాస్తారు మామయ్యా, కృతజ్ఞతల పేజీలో నా పేరు ఉంటది" అంది మా పిల్ల. అప్పుడూ నవ్వుతూనే అంది.

ఒక ఆదివారం నన్ను ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్‌కు తీసుకుపోయింది. 1888లో హైదరాబాదులో మొదలైన అరబ్బీ ప్రచురణ సంస్థ అది. పాత రాతప్రతులను సరిచూసి అచ్చు వేయడమే దాని పని. అక్కడ వేసిన పుస్తకాల్లో అల్ బిరూనీ ఖానూన్ మసూదీ ఉంది, మూడు సంపుటాలు, 1954 నుంచి 1956 దాకా అచ్చయింది. నిజాం రాజ్యం పోయాక కూడా ఆ పని ఆగలేదన్న మాట. వెయ్యేళ్ళ కిందటి ఆ పండితుడు ఒక కొండ ఎత్తు కొలిచి, పైకెక్కి, దిక్చక్రం కంటిమట్టానికి ఎంత కిందికి దిగి కనబడుతున్నదో చూసి, ఆ కోణంతో భూమి వ్యాసార్ధం లెక్కగట్టాడు. వచ్చిన జవాబు ఇప్పటి లెక్కకు చాలా దగ్గర. నేను బతుకంతా థియోడలైట్ పట్టుకున్నవాణ్ణి. గాలిలో వెలుగు వంగుతుంది, ఆనాటి పనిముట్టుతో అంత చిన్న కోణం సరిగ్గా రావడం కష్టం అని అక్కడే వాదన పెట్టుకున్నాను. ఆ పిల్ల ఓపిగ్గా విని, "వాదించడానికైనా పుస్తకం ఉండాలి గదా మామయ్యా" అంది. ఆ బిరూనీయే సంస్కృతం నేర్చుకుని మన దేశం మీద పెద్ద గ్రంథం రాశాడు. దాని అరబ్బీ మూలాన్ని కూడా 1958లో ఇక్కడే అచ్చు వేశారు. అన్నట్టు, ఖానూన్‌కు ఆ పేరు సుల్తాను మసూద్ పేరు మీద పెట్టిందే. ఫెలోషిప్ బాధ ఆయనకూ తప్పలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. హాస్టళ్ళు ఖాళీ చేయించారు. నెలనెలా రావలసిన డబ్బు నెలల తరబడి ఆగింది. అప్పుడు పెద్దరికం వహించింది నేనే. 2021లో నాకు తెలిసినవాళ్ళతో చెప్పించి హైటెక్ సిటీలో ఒక కంపెనీలో చేర్పించాను. భాషా నిపుణురాలు అని ఉద్యోగం పేరు. ఏడు లక్షల ప్యాకేజీ. నేనే మిఠాయి డబ్బాలు కొని చుట్టాలకు పంచాను. ఆరు నెలలకు ఫ్లాటు చూపించి, బ్యాంకు లోను కూడా నేనే ఇప్పించాను.

ఆ ఉద్యోగంలో ఏం చేస్తుందో ఏడాది దాకా నేను అడగలేదు. జనం ఫోన్లలో పెట్టే అరబ్బీ వీడియోలు రాత్రంతా చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పడం. యెమెన్ యుద్ధం వీడియోలు ఎక్కువగా ఆమెకే వచ్చేవి. హద్రమీ యాస ఆ ఆఫీసులో ఆమెకు ఒక్కదానికే తెలుసు మరి. బార్కస్ తాతల దగ్గర జామతోటల్లో కూర్చుని నేర్చుకున్న మాటలు. ఒక రాత్రి ఒక ముసలాయన కూలిన ఇంటి ముందు మనవణ్ణి పేరు పెట్టి పిలుస్తున్న వీడియో వచ్చిందట. "అచ్చం బార్కస్‌లో పిలిచినట్టే పిలిచిండు మామయ్యా. నేను పన్నెండు సెకన్లలో బటన్ నొక్కిన" అంది. ఈసారి నవ్వలేదు.

ఆమె చేసిన రికార్డింగులు 37. హార్డ్‌డిస్కు మా చెల్లెలి ఇంటి బీరువాలో చీరల కింద ఉంది. మాట చెప్పిన పెద్దల్లో చాలామంది ఆ రెండు కరోనా ఏళ్ళలోనే పోయారు. పోయిన సంక్రాంతికి నేను అడిగి తెచ్చుకుని వినడం మొదలుపెట్టాను. అరబ్బీ నాకేం అర్థమవుతుందనుకున్నాను. అంతా మన దక్కనీ ఉర్దూయే, మధ్యమధ్య తెలియని మాటలు. పంతొమ్మిదో దాంట్లో గొంతు ఎక్కడో విన్నట్టు తోచింది. చావుష్ తాత. వాళ్ళ తాత ఓడలో బొంబాయికి వచ్చిన సంగతి, చంద్రాయణగుట్ట దాకా నడిచిన సంగతి, తను ఎన్నడూ చూడని హద్రమౌత్‌లో ఇంటి గుమ్మం ఏ దిక్కుకు ఉండేదో, అన్నీ చెప్పాడు. నలభై ఏళ్ళ కింద గేటు దగ్గర అడిగి ఉంటే నాకూ చెప్పేవాడేమో.

ఆ పిల్ల తిరిగి పీహెచ్‌డీలో చేరుతుందా అని నన్ను అడగకండి. నెలనెలా లోను కట్టాలి. ఇప్పించింది ఎవరో చెప్పాను కదా.

సంఘానికి నాదొక విన్నపం. మనం ఏటా ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లు తెచ్చుకున్న పిల్లలకు శాలువా, నగదు ఇస్తున్నాం. ఇస్తూనే ఉందాం. ఈ బడిలో చదివి భాషో, చరిత్రో, సంగీతమో పై చదువుకు తీసుకున్న ఒక్కరికి కూడా ఏడాదికింత అని పెడదాం. మొదటి ఏడాది లక్ష రూపాయలు నావి. చెక్కు కోశాధికారి గారికి పొద్దున్నే ఇచ్చాను. ఎవరూ దొరక్కపోతే ఏం చేస్తామని ఆయన అడిగారు. దొరకలేదని నోటీసు బోర్డు మీద రాసి పెడదాం. పిల్లలు చదువుతారు. ఆ 37 రికార్డింగులను కాగితం మీదికి ఎక్కించే ఖర్చు వేరే, అది పూర్తిగా నాదే. మా పిల్ల ఆదివారాలు కూర్చుని సరిచూస్తానంది.

పంతొమ్మిదో రికార్డింగులో 26వ నిమిషం దగ్గర ఆయన మన బడి గురించి మాట్లాడాడు. జల్‌పల్లి బడి పోరగాళ్ళు తనకు ఇంకా జామకాయల బాకీ ఉన్నారంటాడు. కొన్ని పేర్లు కూడా చెప్తాడు. ఆయన కొడుకు ఒప్పుకున్నాడు, మనతోపాటు ముందు వరుసలో కూర్చున్నాడు. రెండు నిమిషాలు వినిపిస్తాను. మైకు తమ్ముడూ, కొంచెం సౌండు పెంచు.