కాలువల మీద రాదారి పడవ

మేడ్చల్, శామీర్‌పేట వైపు నీళ్లంటే చెరువే. శామీర్‌పేట చెరువు నిండితే కింద పొలాలు పండేవి గానీ, ఆ నీటి మీద ఊరి నుంచి ఊరికి ప్రయాణం లేదు. మేడ్చల్‌వాళ్లకు చవక ప్రయాణమంటే రైలే. ఒకప్పుడు మన్మాడ్ వెళ్లే మీటరు గేజి బండి, 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్. బెజవాడలో ఆ పని పడవ చేసేది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. వాటి కింద తవ్విన పెద్ద కాలువలు చేలకు నీళ్లివ్వడంతోపాటు పడవలకు దారి కూడా అయ్యాయి. కాలువ దిగువకు దిగేచోటల్లా లాకులు కట్టారు. ఎగువకు వెళ్లే పడవ లాకు లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ఎగువ నుంచి నీళ్లు వదిలేవారు. నీళ్లు నిండేకొద్దీ పడవ సరుకుతో, జనంతో అలాగే పైకి లేచేది. ఎగువ నీటి మట్టానికి రాగానే ముందు తలుపులు తెరిచేవారు. తిరుగు ప్రయాణంలో నీళ్లు దిగువకు వదిలి పడవను దించేవారు. ఇంత చేసినా దీనికి బొగ్గు అక్కర్లేదు, ఇంజను అక్కర్లేదు.

కాకినాడలో బయల్దేరితే ధవళేశ్వరం, ఏలూరు, బెజవాడ మీదుగా వచ్చి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువలో పెదగంజాం చేరి, అక్కణ్నుంచి బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోవచ్చు. గాలి అనుకూలిస్తే తెరచాప. లేకుంటే మోకు భుజాన వేసుకుని గట్టు వెంట నడిచే మనుషులే పడవను లాగాలి. ప్రయాణం చవకగా సాగిందంటే అందులో వాళ్ల రెక్కల కష్టం ఉంది. దాన్ని మరిచిపోయి ఈ చరిత్ర చెప్పడం నాకు ఇష్టం లేదు.

రైలు కంటే నీటిదారి చవకని, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కూడా అదే చెప్పారు. ప్రభుత్వం మాత్రం రైలు వైపే మొగ్గింది. బెజవాడ, మద్రాసుల మధ్య 1899లో పట్టాలు పడ్డాయి. 1900లో గోదావరి మీద వంతెన వచ్చింది. దూరప్రయాణికులు రైలెక్కారు. పల్లెజనం మాత్రం సంతకూ, పెళ్లికీ, పుట్టింటికీ చాలాకాలం రాదారి పడవలోనే వెళ్లారు. పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ కథ చదివితే ఆ రాత్రి ప్రయాణాలు ఎలా ఉండేవో తెలుస్తుంది. తర్వాత గట్లే రోడ్లయ్యాయి, బస్సులొచ్చాయి. లాకుల వాడకం తప్పింది, కాలువల్లో పూడిక చేరింది.

2008లో ఈ కాలువల మీదుగానే సాగే కాకినాడ–పుదుచ్చేరి జలమార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. సరుకు రవాణా మాటే ఎక్కువగా వినిపిస్తోంది. టికెట్టు కొని ఎక్కే మామూలు మనిషికి కూడా అందులో చోటుండాలని నా కోరిక.

చవక నీటి ప్రయాణం ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు సికింద్రాబాద్‌లో నర్సాపురం రైలెక్కండి. అక్కడ వశిష్ఠ గోదావరి రేవులో ఏరు దాటించే పంటు ఉంటుంది. మోటారు సైకిళ్లతో, కూరగాయల గంపలతో జనం సఖినేటిపల్లి ఒడ్డుకు దాటుతుంటారు. మీరూ వాళ్లతోపాటు ఎక్కండి.