అన్నము వద్దను పిల్లలు

బిడ్డ అన్నము తినుట లేదని చింతింపని తల్లి తెలుగునాట అరుదు. చందమామను చూపియో, బూచివానిని పిలిచియో నాలుగు ముద్దలు పెట్టుట ప్రతి యింటను జరుగునదే. ఆ మారాము వయసుతోపాటు పోవును; బిడ్డ ఎత్తును బరువును సక్రమముగా పెరుగుచున్నచో దానికై దిగులుపడ నక్కరలేదు. నేడు మేము శ్రోతలకు మనవి చేయదలచినది వేరొక స్థితిని గూర్చి. నిన్నటివరకు ఇష్టముగా భుజించిన పది, పదునాలుగేండ్ల బిడ్డ క్రమముగా అన్నమును విడుచుట అది.

ఇది ఒక్కనాట రాదు. మొదట నేయి వద్దనును. పిమ్మట పెరుగు, ఆ తరువాత పప్పు. ఇంటికి రాగానే "బడిలోనే తిన్నానమ్మా" అనును. పండుగనాటి బూరెను తుంచి తుంచి కంచమంతయు పరచి, తుదకు తినకయే లేచును. వింత యేమనగా, అట్టి బాలికయే వంటయింట నిలిచి తమ్మునికి దోసెలు వేసి కొసరి కొసరి పెట్టును. తల్లి, అమ్మాయికి పని అలవడినదని సంతసించును. చుట్టములు, సన్నబడి నాజూకుగా నున్నదని మెచ్చుకొందురు. ఆ మెప్పు ఎంత కీడు చేయునో వారెరుగరు. కొందరు పిల్లలు తిన్నవెంటనే చాటునకు పోయి వాంతి చేసికొందురు. కొందరు తలుపు మూసికొని అదేపనిగా వ్యాయామము చేయుదురు. మగపిల్లలకు ఈ వ్యాధి రాదనుకొనుట సరికాదు.

1873వ సంవత్సరముననే లండనులో విలియం గల్, పారిసులో లసేగ్ దీనిని వర్ణించిరి. గల్ పెట్టిన అనొరెక్సియా నెర్వోసా అను పేరు నేటికిని వాడుకలో నున్నది. మొదటి మాటకు ఆకలి లేమి యని అర్థము. ఆ పేరు తగినది కాదని మా అభిప్రాయము. లావగుదునను భయముచే ఉన్న ఆకలిని అణచుకొనుటయే ఇందు జరుగునది. ఆ భయ మేమియు లేకయే, ముద్ద గొంతున అడ్డుపడునని వెరచియో, కొన్ని వాసనలు సహింపకయో తిండి తగ్గించుకొను పిల్లలును కలరు. వీరి వ్యాధికి అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో వేరు పేరు పెట్టినది.

ఇదంతయు మొండితనము, రెండు తగిలించిన దారికి వచ్చునని పెద్దలు కొందరందురు. వారికి మేమొక పరిశోధనను వినిపింతుము. 1944-45 సంవత్సరములలో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో నుంచెను. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గెను. మనము గమనింపవలసినది బరువు కాదు. ఉల్లాసవంతులైన ఆ యువకులు దిగులునకు, చిరాకునకు లోనైరి. నలుగురిలో కలియుట మానిరి. వేసవిలోను చలి యనిరి. రేయింబవళ్లు తిండినే తలచుచు, వంటల పుస్తకములు చదువుచు కాలము గడిపిరి. దోసెలు వేయు మన బాలిక గుర్తునకు వచ్చుచున్నది కదా! ఆ యువకులకు పూర్వము ఇట్టి మొండితనము లేదు. పస్తే వారి మనసును మార్చినది. కావున శరీరమునకు అన్నము చేరనిదే మనసునకు చేయు బోధ తలకెక్కదు.

బహిష్టు నిలిచిపోవుట, కాలుచేతులు చల్లబడుట, లేచి నిలిచిన తల తిరుగుట, వీపున నూగు వెండ్రుకలు మొలచుట ముఖ్య చిహ్నములు. ఎదుగు బిడ్డ చిక్కిపోనక్కరలేదు. ఎత్తు పెరుగుచు బరువు పెరుగకుండుటయే చాలిన సూచన. లావుగా నున్న బిడ్డ వేగముగా తగ్గినను ప్రమాదమే. దిష్టి తీయుట, ఆకలికి టానిక్కులు పోయుట అను వానితో నెలలు గడపరాదు. ముందుగా పిల్లల వైద్యునికి చూపవలెను. క్షయ, థైరాయిడు, ప్రేగుల వ్యాధులు కావని తేల్చుట, నాడిని, గుండెను, రక్తమునందలి లవణములను పరీక్షించుట వారి పని. బిడ్డ స్పృహ తప్పినను, నీరు సయితము మానినను ఆనాడే ఆసుపత్రికి చేర్పవలెను. మిక్కిలి కృశించిన బిడ్డకు ఇంటిలో ఒక్కసారిగా అతిగా పెట్టరాదు. రక్తమున ఫాస్ఫరస్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చును.

ఇట్టి రోగులకు బంధువులు పనికిరాని పరిచారకులని గల్ తలచెను. ఆ తలపు శతాబ్దమునకు మించి నిలిచినది. 1987లో లండనునందలి మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ప్రకటించిన పరిశోధన దానిని తారుమారు చేసినది. చిన్నతనమున మొదలై మూడేండ్లు దాటని వ్యాధికి కుటుంబముతో కలిసి చేయు చికిత్సయే మేలని తేలెను. ఈ పద్ధతిలో ఏమి తినవలెనో, ఎంత తినవలెనో కొంతకాలము తల్లిదండ్రులే నిర్ణయింతురు. పూటపూటకు ప్రక్కన కూర్చుందురు. బరువు కుదిరినకొలది ఆ స్వేచ్ఛను బిడ్డకు తిరిగి యిత్తురు. ఒట్లు పెట్టుట, కన్నీరు కార్చుట, రూపమును గూర్చి మాటాడుట కూడదు. తండ్రి ఒకటి, నాయనమ్మ ఒకటి చెప్పు ఇంట ఈ చికిత్స సాగదు. ఇది ఓర్పుతో నెలలతరబడి చేయవలసిన పని.

మానసిక వైద్యుడు దగ్గర లేనివారు కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై ఫోను చేసి, తెలుగులోనే ఉచితముగా సలహా పొందవచ్చును. వైద్యుని కడకు పోవునపుడు బడిలో వ్రాసిన ఎత్తు బరువుల వివరములను, బహిష్టు ఆగిన తేదీని, వారము దినములుగా బిడ్డ నిజముగా తిన్నదేమో వ్రాసిన కాగితమును వెంట తీసికొని పోవలెను. అట్టిదేమియు లేనిచో, నిరుడు కుట్టించిన లంగా నడుమున ఎంత వదులైనదో కొలిచి చెప్పినను వైద్యునకు ఉపకరించును.