ఇంటి లెక్కలో కనబడని అమ్మ

(సూళ్లూరుపేట సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వృద్ధాప్యంలో పేదరికం అనగానే మనం పింఛను దగ్గర మొదలుపెడతాం. నేనీరోజు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిపోయిన అమ్మల దగ్గర మొదలుపెడతాను. పక్కనే శ్రీహరికోట ఉన్న ఈ ఊరికి ఇంజనీర్లు కొత్త కాదు, విదేశాల్లో పిల్లలున్న ఇళ్లూ కొత్త కాదు. ‘ఆమెకేం, కొడుకు డాలర్లు సంపాదిస్తున్నాడు’ అంటాం. ఆ మాటనే నేను ప్రశ్నిస్తున్నాను.

అమెరికాలో పేదరికం లెక్కించేటప్పుడు ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులందరి ఆదాయాన్నీ కలిపేస్తారు. కుటుంబం పేదది కాకపోతే అందులో ఎవరూ పేదలు కారు. మనవల్ని సాకుతూ, రెండు పూటలా వండుతూ, కళ్లద్దాలు మార్చుకోవడానికి కూడా కొడుకునడగాల్సిన తల్లి ఆ లెక్కలో పేదరాలు కాదు. ఇందులో కోడల్ని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లల్ని చూసే కేంద్రాల ఖర్చు భరించలేక చాలామంది అమ్మనో అత్తనో పిలిపించుకుంటారు. ఒక స్త్రీ ఉద్యోగం ఇంకో స్త్రీ జీతం లేని చాకిరీ మీద నిలబడుతోంది.

తల్లిని గ్రీన్ కార్డు మీద రప్పించేటప్పుడు, ఆమెను పోషిస్తానని కొడుకు ప్రభుత్వానికి రాసిస్తాడు. 1996 సంక్షేమ చట్టం తర్వాత వెళ్లిన వృద్ధులకు పౌరసత్వం వస్తే తప్ప, లేదా పదేళ్ల పని లెక్క చూపిస్తే తప్ప, ఎస్‌ఎస్‌ఐ అనే వృద్ధాప్య సహాయం సాధారణంగా రాదు. వచ్చినా, ఇంకొకరింట్లో ఉచితంగా ఉండి తింటుంటే గరిష్ఠ మొత్తంలో మూడో వంతు కోస్తారు. ఆమె ఉంటున్న నీడకు ఖరీదు కడతారుగానీ వండిన వంటకు కట్టరు! కొడుకు రాసిచ్చిన హామీ మీద ఆమె కోర్టుకెక్కవచ్చు. మన దగ్గరా 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. ఫిర్యాదు ఇచ్చి సాయంత్రం ఏ ఇంటికి వెళ్తుంది?

ఇక్కడ మాత్రం? ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది. కానీ చూసేది కుటుంబ ఆదాయమే, మామూలుగా ఇంటికొకటే పింఛను. భర్తకు వస్తుంటే భార్య వయసుకు విలువ లేదు. ఆయన పోయాకే ఆమె పేరు జాబితాకెక్కుతుంది.

కాబట్టి సర్వేలకు వెళ్లే కార్యకర్తలు కార్డు ఎవరి పేరనుందో రాసుకుని లేచి రావద్దు. అమ్మను విడిగా కూర్చోబెట్టి అడగండి: ఎవరినీ అడక్కుండా నెలకెంత ఖర్చుపెట్టగలదు? మందులెవరు కొంటారు? ఇల్లెవరి పేరనుంది? విదేశం వెళ్లే ముందు ఇల్లమ్మి డబ్బు పిల్లలకిచ్చేసిన అమ్మకు తిరిగి వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. ప్రయాణమవుతున్నవాళ్లు మీ సంఘాల్లో ఉంటే ఇల్లు అమ్మొద్దని, బ్యాంకు ఖాతా తన పేరనే ఉంచుకోమని ఇప్పుడే చెప్పండి.