గుండె జబ్బు, గుండెలో భయం

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కలుగుగాక!

ధార్మిక సోదరులారా! గుండెకు స్టెంటు వేయించుకొని మళ్లీ మస్జిదుకు వస్తున్న ఒక పెద్దాయన మొన్న నన్ను పక్కకు పిలిచారు. "మౌలానా, మందులు వాడుతున్నాను. అయినా రాత్రి దీపం ఆర్పగానే భయం మొదలవుతుంది. నా ఈమాన్ బలహీనపడిందంటారా?" అని అడిగారు.

లేదు. మాంత్రికుల తాళ్లు కదులుతున్నట్లు కనిపించినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మనసులో సైతం భయం కలిగిందని ఖుర్ఆన్‌లోని తాహా సూరా తెలుపుతోంది. భయం పాపం కాదు. దాన్ని లోలోపల దాచుకొని కుమిలిపోవడమే గుండెకు చేటు. ఆందోళనతో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. జబ్బుపడిన గుండెకు అది అదనపు భారం.

హజ్రత్ సఅద్ (రజి) వ్యాధిగ్రస్తులైనప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్లి, ఆయన రొమ్ముపై చేయి ఉంచారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆ చేతి చల్లదనం సఅద్ గుండెకు తాకింది. ఇది గుండె వ్యాధి అని చెప్పి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారు. ఏడు అజ్వా ఖర్జూరాల ప్రస్తావన కూడా అందులోనే ఉంది. ఖర్జూరాల మాట పట్టుకొని మాత్రలు మానేవారు, వైద్యుని మాట ఎందుకు మరుస్తారో!

కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. రాత్రి భయం కలిగినప్పుడు కూడా లేచి కూర్చోండి. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ జిక్ర్ చేయండి. ఇంట్లోవారిని లేపి చెప్పండి. అందులో నామోషీ లేదు. అయితే ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది భయమేనని సరిపెట్టుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. జమాఅత్‌లో నిలబడి ఉన్నా సరే! ప్రాణాపాయ వేళ నమాజును మధ్యలో విరమించడానికి షరీఅత్ అనుమతిస్తుంది.

పరామర్శకు వెళ్లేవారికి ఒక మనవి. "ఫలానా ఆయన కూడా ఇలాగే పోయాడు" అని రోగి మంచం పక్కన కూర్చొని చెప్పకండి. దుఆ చేయండి. మందులు తెచ్చిపెట్టేవారు ఉన్నారా అని అడిగి రండి.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థతను, వారి రాత్రులకు నెమ్మదిని ప్రసాదించు. ఆమీన్.