కంప్యూటర్ ఆటకు కీబోర్డా, కంట్రోలరా?



పరీక్షలు ముగిసి సెలవులు వచ్చాయంటే, కంప్యూటర్ ఉన్న ఇంట్లో పిల్లల కోరిక ఒకటి బయటికి వస్తుంది. "నాయనా, ఆటకు కంట్రోలర్ కొనివ్వు" అంటారు. కీబోర్డూ, మౌసూ ఉండగా మళ్ళీ ఇదెందుకని పెద్దల సందేహం. కోవిల్‌పట్టిలోనైనా, విరుదునగరంలోనైనా అగ్గిపెట్టెల పనిలోనో, అంగడిలోనో కష్టపడి సంపాదించిన డబ్బు కదా! ఖర్చు పెట్టేముందు కాస్త ఆలోచించడం మంచిదే.

హాకీ సంగతి కోవిల్‌పట్టి వారికి వేరే చెప్పనక్కరలేదు. హాకీ మైదానానికి క్రికెట్ బ్యాటు పట్టుకుపోయి లాభం లేదు. ఇక్కడా అంతే. ముందు ఆట ఏదో తెలియాలి, ఆ తర్వాతే పనిముట్టు.

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో అమెరికాలో నలుగురి ముందు పెట్టి చూపించారు. అది ఆటకోసం పుట్టింది కాదు. కానీ చేయి ఎంత జరిగితే గురి అంత జరుగుతుంది. కంట్రోలర్ మీది చిన్న పుల్ల అలా కాదు. దాన్ని ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతుంది. గురి కుదిరినచోట ఆపడం కష్టం. అందుకే తుపాకీ ఆటల్లో మౌస్‌దే పైచేయి. 1997లో క్వేక్ ఆట పోటీలో గెలిచి ఫెరారీ కారు బహుమతిగా పొందిన డెనిస్ ఫాంగ్ ఆడింది కీబోర్డు, మౌస్‌లతోనే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వంటి, సేనలను నడిపే ఆటలకూ మౌసే అనువు.

మరి కంట్రోలర్ దేనికి? కీబోర్డు మీట నొక్కితే నొక్కినట్టు, లేకుంటే లేనట్టు. సగం నొక్కడమనేది మామూలు కీబోర్డులో లేదు. కారు పందెంలో మెల్లగా వేగం పెంచాలి, కొంచెంగా మలుపు తిప్పాలి. మంచి కంట్రోలర్‌లో వేలి ఒత్తిడిని బట్టి ఆ పని జరుగుతుంది. ఫుట్‌బాల్, కుస్తీ ఆటలకూ అదే హాయి. తుపాకీ ఆటలు కొన్నింటిలో కంట్రోలర్ పట్టినవారికి గురి కుదరడానికి ఆటే కొంత సాయం చేస్తుంది.

కొనేటప్పుడు కొన్ని సంగతులు చూడండి. విండోస్‌లో పనిచేస్తుందో లేదో అడగండి. తీగ ఉన్నదైతే ఛార్జింగు బెడద లేదు. పుల్లలు అరిగిపోతే ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తానే కదులుతుంది. కాబట్టి అంగట్లోనే ఆడించి చూడండి.

కీబోర్డుకు ఇంకొక గుణం ఉంది. మన పిల్లల్లో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, తెలుగు రాయడం మాత్రం రాదు. విండోస్ సెట్టింగులలో తెలుగును చేర్చుకుంటే ఉన్న మీటలతోనే తెలుగు అక్షరాలు పడతాయి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తమిళ 'క'కు ఏ మీటో, తెలుగు 'క'కూ అదే మీట. తమిళం తెలిసిన పిల్లవాడికి సగం దారి నడిచినట్టే. అవ్వ చెప్పే సామెత ఒకటి రోజూ కొట్టించండి. ఆ తర్వాతే ఆట.

కనుక ముందు ఉన్న కీబోర్డు, మౌస్‌లతో ఆడనివ్వండి. ఒకటి రెండు నెలల తర్వాత కూడా మీవాడి మనసు కారు పందేల మీదో, ఫుట్‌బాల్ మీదో నిలిచి ఉంటే, అప్పుడు కంట్రోలర్ కొనివ్వండి. ఆ డబ్బు వృథా కాదు. పక్కింట్లో ఉందని మాత్రం కొనకండి.