కామెర్లన్నీ ఒకటి కావు



ఒకామెకు కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో వాళ్లు ఏమంటారు? "కామెర్లు. పసరు మందు వేయించు" అంటారు.

చెడ్డ నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. పసరు వల్లే తగ్గాయనుకుంటారు. కానీ కామెర్లన్నీ ఒకటి కావు. ఒక్కోసారి వాటి వెనక క్లోమం కాన్సర్ ఉంటుంది.

క్లోమం ఎక్కడుంది? పొట్ట లోపల, వెన్నెముకకు ముందు. జానెడు కూడా ఉండదు. అన్నం అరగడానికి రసం ఇస్తుంది. షుగరును అదుపులో ఉంచుతుంది. బాగా లోపల ఉంటుంది కనుక అక్కడ గడ్డ పుట్టినా చేతికి తగలదు.

కాలవ తూము పూడితే ఏమవుతుందో కృష్ణా డెల్టా ఆడవాళ్లకు తెలుసు. నీళ్లు వెనక్కి తన్నుతాయి. ఇదీ అంతే. కాలేయం నుంచి పసరు రంగు రసం ఒక గొట్టంలో పేగుకు వస్తుంది. ఆ గొట్టం క్లోమాన్ని ఆనుకుని పోతుంది. గడ్డ దాన్ని నొక్కితే రసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగులో వస్తుంది. దొడ్డికి సుద్దలా తెల్లగా అవుతుంది. ఒళ్లంతా దురద. నొప్పి ఉండకపోవచ్చు. "నొప్పి లేదుగా" అని ఊరుకోకండి.

కొందరికి కళ్లు పచ్చబడవు. పై పొట్టలో నొప్పి పుట్టి వీపులోకి పాకుతుంది. ఆకలి పోతుంది. మనిషి చిక్కిపోతుంది. 50 ఏళ్లు దాటాక కొత్తగా షుగరు వచ్చి, మనిషి చిక్కిపోతున్నా డాక్టరుకు చెప్పాలి.

ఇవి ఉంటే కాన్సరేనా? కాదు. పైత్యపు సంచిలో రాళ్లున్నా కామెర్లు రావచ్చు. ఏదైనదీ తేల్చేది రక్తపరీక్ష, స్కానింగ్. పసరు తేల్చదు.

అందరికీ ముందుగానే పరీక్ష చేసి ఈ కాన్సర్‌ను పట్టే పద్ధతి ఇంకా రాలేదు. ఒంట్లో కనిపించే గుర్తులే దారి. గడ్డ పాకక ముందే తెలిస్తే ఆపరేషన్ చేసి తీసే వీలుంటుంది. పాకాక ఆ వీలు పోతుంది. పసరు మందుతో గడిచే వారాలు చాలా విలువైనవి.

కాన్సర్ అంటే దాచుకునే జబ్బు కాదు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన నటుడు అక్కినేని నాగేశ్వరరావుకు వేరే కాన్సర్ వచ్చింది. 2013లో ఆ మాట ఆయనే పత్రికల వాళ్లను పిలిచి చెప్పారు.

చుట్ట, బీడీ, సిగరెట్ ఈ జబ్బును దగ్గరకు పిలుస్తాయి. మానండి, మాన్పించండి.

"నాట్లయ్యాక చూద్దాంలే" అని ఆడవాళ్లు తమ ఒంటి సంగతి వాయిదా వేస్తారు. వేయకండి. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ రాసిస్తే విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లండి.

ఈ పాఠం చదివారు కదా! చదవడం రాని పక్కింటి పెద్దమ్మకు చదివి వినిపించండి.