ఒక్క రక్తపు బొట్టు



ఈనాడు మీకు కంటికి కనిపించని ఒక వంటశాలను గురించి చెబుతాను. అది మన శరీరమే. మనం తిన్న పప్పు, పాలు, అన్నం అందులో విడిపోయి కొత్త పదార్థాలుగా మారుతుంటాయి. దీనినే జీవక్రియ అంటారు. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క ఎంజైము పనివానిలా ఉంటుంది. పుట్టుకతోనే ఒక పనివాడు లేకపోతే ఏమవుతుంది? మారవలసిన పదార్థం మారక రక్తంలో పేరుకుపోతుంది. అటువంటి పదార్థాలలో కొన్ని లేత మెదడును దెబ్బతీస్తాయి.

1934లో నార్వే దేశపు తల్లి ఒకామె, తన ఇద్దరు బిడ్డలకు బుద్ధి ఎందుకు వికసించలేదో చెప్పమని ఫోలింగ్ అనే వైద్యుని అడిగింది. ఆయన వారి మూత్రంలో ఒక రసాయనం కలిపి చూడగా అది ఆకుపచ్చగా మారింది. ఆ విధంగా ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి బయటపడింది. మాంసకృత్తులలో ఉండే ఫినైల్‌అలనిన్ అనే భాగాన్ని ఆ పిల్లల శరీరం మార్చుకోలేదు. 1950లలో బికెల్ అనే వైద్యుడు, ఆ భాగాన్ని తగ్గించిన ఆహారం ఇస్తే మేలు కలుగుతుందని చూపాడు. 1960లలో అమెరికాలో గత్రీ అనే శాస్త్రజ్ఞుడు శిశువు మడమ నుండి తీసిన రక్తపు బొట్లను అద్దుడు కాగితం వంటి దానిపై ఆరబెట్టి, వ్యాధిని ముందే పట్టుకునే పరీక్షను ప్రచారంలోకి తెచ్చాడు.

ఇక ఒమాన్ సంగతి చూద్దాం. 1970 నాటికి ఆ దేశంలో ఆసుపత్రులు బహు తక్కువ. జ్వరాలు, విరేచనాలు ఎందరో పసివారిని బలిగొనేవి. తరువాత ఆసుపత్రులు వెలిశాయి, టీకాలు వచ్చాయి. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. అంటువ్యాధులు తగ్గేసరికి, వంశపారంపర్యంగా వచ్చే వ్యాధులు వైద్యుల దృష్టికి స్పష్టంగా వచ్చాయి.

2000లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, ఒమాన్ వివాహాలలో సగానికి పైగా బంధువుల మధ్యనో, ఒకే తెగవారి మధ్యనో జరిగినవే. అరబ్బులలో పినతండ్రి కుమార్తెను పెండ్లాడటం పాత ఆచారం. మనకు ఆమె చెల్లెలు అవుతుంది. మనవారు మేనమామ బిడ్డనో, మేనత్త బిడ్డనో చేసుకుని మేనరికం అంటారు. వరసలు వేరు, కాని జన్యువులకు వరసలు తెలియవు. తాతముత్తాతల నాటి ఒకే లోపం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉండవచ్చు. వారు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. అయితే పుట్టే ప్రతి బిడ్డకూ ఆ వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. తల్లి తప్పు అంతకంటే కాదు. బంధుత్వం లేని దంపతులకు కూడా ఇలాంటి బిడ్డ పుట్టవచ్చు.

ఇప్పుడు ముఖ్యమైన మాట వినండి. వ్యాధి ఒక్కటే అయినా, ఫలితం ఒక్కటి కాదు. ఫినైల్‌కీటోన్యూరియా ఉన్న బిడ్డకు మొదటి వారాలలోనే తగిన ఆహారం మొదలుపెట్టి, దానిని విడవకుండా కొనసాగిస్తే, ఆ బిడ్డ తోటివారిలాగానే చదువుకోగలదు. ఏళ్ళు గడిచాక మొదలుపెడితే కొంత మేలు కలుగుతుందేగాని, మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా తీరదు. మేపుల్ సిరప్ మూత్రవ్యాధిలోనైతే గడువు ఇంకా తక్కువ. పుట్టిన కొద్దిరోజులకే శిశువు పాలు తాగడం మానుతుంది, మగతగా పడి ఉంటుంది. మూత్రం కాలిన చక్కెరవలె వాసన వేస్తుంది. అక్కడ ప్రతి గంటా విలువైనదే.

అన్ని వ్యాధులకూ ఇటువంటి మందుగాని, ఆహారంగాని లేవు. త్వరగా గుర్తించినా కొందరు పిల్లలకు నడక, మాట, చదువు కష్టమవుతాయి. ఫిట్స్ కూడా రావచ్చు. అటువంటి పిల్లలు మీ వీధిలో ఉంటే వెక్కిరించకండి. మీ ఆటలో చోటివ్వండి. పథ్యం తినే స్నేహితునికి మీ పలహారం బలవంతంగా పెట్టకండి. అది మీకు ప్రేమే, కాని వానికి విషం కావచ్చు.

నేడు మస్కట్‌లో వంశపారంపర్య వ్యాధులను పరీక్షించడానికి జాతీయ జన్యు కేంద్రం ఉంది. మన హైదరాబాదులోనూ ఇటువంటి పరీక్షాకేంద్రాలు ఉన్నాయి. మీ ఇంట పాపాయి పుడితే, పేరు ఏమి పెడతారని అడగడంతోపాటు, మడమ రక్తం పరీక్ష చేయించారా అని కూడా అడగండి. పెద్దలు మరచినా, ఆ ప్రశ్న వారికి గుర్తుచేస్తుంది.